బాటిల్లో నీళ్ళు: భయమెంత? నిజమెంత?

మన హాస్టల్లో ఏ గది తలుపు తీసినా ముందుగా కనిపించేవి మూడు. గోడకు ఆనించిన ట్రంకు పెట్టె, దాని మీద పుస్తకాల దొంతర, కిటికీలో వరుసగా నిలబెట్టిన ప్లాస్టిక్ బాటిళ్ళు. వాటిలో ఒకటి ఎవరి పుట్టినరోజుకో తెచ్చిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్. ఇంకొకటి ఊరి నుంచి వస్తూ రైల్లో కొన్న లీటరు నీళ్ళ బాటిల్. మరొకటి సీతాఫల్‌మండి సందులో కొన్న రంగుల బాటిల్. నల్లా వచ్చే వేళకు అన్నిటినీ తీసుకుపోయి నింపి తెచ్చుకుంటాం. రాత్రంతా చదువుకొనేటప్పుడు అవే మనకు తోడు.

"అన్నా, ప్లాస్టిక్ బాటిల్లో నీళ్ళు తాగితే క్యాన్సర్ వస్తదట కదా, నిజమేనా?" అని జూనియర్ తమ్ముళ్ళు అడగడం నేను చాలాసార్లు విన్నాను. "ఏం కాదు తమ్మీ, మేమంతా తాగుతలేమా!" అని సీనియర్లు కొట్టిపారేయడం కూడా విన్నాను. నిజం చెప్పాలంటే ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదు. అసలు నిజం ఏమిటో మన పత్రిక ద్వారా నలుగురితో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ళ క్రితం నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు సెమిస్టర్ పరీక్షలకు పదిహేను రోజుల ముందు కామెర్లతో మంచాన పడ్డాడు. రెండు పేపర్లు రాయలేకపోయాడు. వాళ్ళ నాయన కూలి పని మానుకొని వచ్చి వారం రోజులు దగ్గరుండి చూసుకున్నాడు. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ నీళ్ళు తాగుతున్నావు?" అని. మా దగ్గర సరైన జవాబు లేదు. గదికి వచ్చాక వాడి బాటిల్ వెలుతురులో పెట్టి చూస్తే అడుగున పచ్చటి పాచి కనిపించింది. వేలు పెట్టి కడగడానికి వీల్లేని సన్నమూతి బాటిల్ అది. ఆ బాటిల్ వల్లే జబ్బు వచ్చిందని నేను చెప్పలేను. కానీ అంతకాలం ఆ బాటిల్ లోపల ఎవరమూ చూడలేదన్నది మాత్రం నిజం.

నీళ్ళు మనకు చిన్న విషయం కాదు

నీళ్ళ గురించి రాస్తూ మన చరిత్రను మరచిపోతే తప్పవుతుంది. 1927 మార్చి 20న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగింది దాహం తీర్చుకోవడానికి కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే చెరువు నీటిలోకి కుడితి బకెట్ కడిగిన మురికిని వదలడంతో గొడవ మొదలయింది. మా తాగునీళ్ళను ఎందుకు పాడు చేస్తున్నారని అడిగిన వాళ్ళలో మున్నంగి సువార్త అనే దళిత మహిళ ఉంది. మరునాడు, జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. మంచినీళ్ళు మంచిగా ఉండాలని అడిగినందుకు మన వాళ్ళు అంత మూల్యం చెల్లించారు. అటువంటి వారి బిడ్డలమైన మనం చేతికి అందిన నీళ్ళను శుభ్రంగా ఉంచుకోకపోతే ఎలా?

ప్లాస్టిక్ అంటే ఒకటి కాదు

మనం "ప్లాస్టిక్ బాటిల్" అని ఒకే మాటతో పిలుస్తాం గానీ అందులో చాలా రకాలున్నాయి. ఏ బాటిల్ అయినా తిరగేసి చూడండి. అడుగున మూడు బాణాల త్రికోణం, దాని మధ్య 1 నుంచి 7 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్ళు ఈ అంకెలను ప్రవేశపెట్టారు. నిజానికి ఇవి పాత ప్లాస్టిక్‌ను ఏరి వేరు చేయడానికి పెట్టిన గుర్తులు. ఆరోగ్యానికి ఇచ్చిన సర్టిఫికెట్లు కావు. అయినా ఏ పదార్థంతో చేశారో తెలుసుకోవడానికి మనకు పనికొస్తాయి.

1 అంటే పాలిఎథిలీన్ టెరిఫ్తాలేట్. దీన్నే క్లుప్తంగా "పెట్" అంటారు. కూల్‌డ్రింకులు, నీళ్ళు అమ్మే పారదర్శకమైన బాటిళ్ళన్నీ దాదాపు ఇవే. 2 అంటే గట్టి పాలిఎథిలీన్. పాలవంటి రంగులో కొంచెం మసకగా ఉండే డబ్బాలు, డ్రమ్ములు దీనితో చేస్తారు. 3 పీవీసీ, అంటే పైపుల ప్లాస్టిక్. 4 క్యారీ బ్యాగుల వంటి మెత్తటి పాలిఎథిలీన్. 5 పాలిప్రొపిలీన్. టిఫిన్ డబ్బాలు, బడిపిల్లల నీళ్ళ బాటిళ్ళు చాలావరకు ఇదే. 6 పాలిస్టైరీన్, అంటే థర్మోకోల్ కప్పుల రకం. 7 అంటే "ఇతరములు". గాజులా గట్టిగా ఉండే పాలికార్బొనేట్ ఈ కోవలోకే వస్తుంది. 20 లీటర్ల నీలిరంగు క్యాన్లలో పాలికార్బొనేట్‌తో చేసినవీ ఉన్నాయి, పెట్‌తో చేసినవీ ఉన్నాయి.

నీళ్ళు నిలువ చేసుకోవడానికి 2, 5 అంకెలున్నవి మేలు. 1 అంకె ఉన్నది ఒకసారి వాడి పారేయడానికి తయారుచేసినది. 3, 6 అంకెలున్నవి తాగే నీళ్ళకు వద్దు. 7 ఉంటే వేడికి దూరంగా ఉంచాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

పెట్ బాటిల్ కథ

1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఈ పదార్థాన్ని కనిపెట్టారు. మొదట దీనితో చేసింది బాటిల్ కాదు, గుడ్డ! మన నాయనల కాలంలో పెళ్ళికి కుట్టించుకున్న టెరిలిన్ చొక్కా ఉంది చూశారా, అదీ కూల్‌డ్రింక్ బాటిల్ వరసకు అన్నదమ్ములే. దీన్ని బాటిల్‌గా ఊదే పద్ధతికి అమెరికాలో నథానియెల్ వైయెత్ 1973లో పేటెంటు పొందారు.

ఈ ప్లాస్టిక్ తయారయ్యేటప్పుడు రసాయన చర్య వేగంగా జరగడానికి ఆంటిమొనీ అనే లోహపు సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా కలుపుతారు. అందులో కొంత బాటిల్ గోడలోనే మిగిలిపోతుంది. కిలో ప్లాస్టిక్‌లో ఇది వందల మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. అది నెమ్మదిగా నీళ్ళలోకి దిగుతుంది. ఎక్కువ మోతాదులో ఆంటిమొనీ ఒంట్లోకి వెళితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందుకే తాగే నీటిలో లీటరుకు 20 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అమెరికాలో పరిమితి ఇంకా తక్కువ, 6 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు.

మరి బాటిల్ నీళ్ళలో ఎంత ఉంటుంది? ఎండలు మండిపోయే అరిజోనా రాష్ట్రంలో అక్కడి యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మామూలు గది వేడిలో మూడు నెలలు ఉంచినా లీటరుకు సుమారు 0.2 మైక్రోగ్రాముల దగ్గరే ఉంది. అంటే పరిమితికి చాలా దూరం. కానీ వేడి పెంచిన కొద్దీ లెక్క మారిపోయింది. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6 మైక్రోగ్రాముల గీత దాటడానికి 176 రోజులు పడుతుంది. 65 డిగ్రీల దగ్గర 38 రోజులు. 70 దగ్గర 12 రోజులు. 80 దగ్గర రెండు రోజుల పైచిలుకు మాత్రమే.

ఈ అంకెలను మన హైదరాబాదుకు అన్వయించి చూద్దాం. మే నెలలో మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీల దాకా పోతుంది. గదిలో కిటికీ దగ్గర పెట్టిన బాటిల్ ఒక పూటలో విషమైపోదు. ఆ భయం అక్కరలేదు. కానీ అద్దాలు మూసిన కారులో, రేకుల షెడ్డులో, ఎండలో నిలబెట్టిన లారీలో వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. అలాంటి చోట వారాల తరబడి పడివున్న నీళ్ళ పెట్టెలు మంచివి కావు. బస్టాండులో కొట్టు బయట ఎండలో పేర్చిన బాటిల్ కంటే లోపల నీడలో ఉన్న బాటిల్ అడిగి తీసుకోండి. తయారీ తేదీ కూడా చూడండి.

ఇంకో ముఖ్యమైన విషయం. చలికాలంలో మనలో చాలామంది కాచిన నీళ్ళను వేడివేడిగా కూల్‌డ్రింక్ బాటిల్లో పోస్తాం. బాటిల్ ముడుచుకుపోయి వంకరపోవడం చూసి నవ్వుకుంటాం కూడా. పెట్ సుమారు 70 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. అలా వంకరపోవడమే దాని హెచ్చరిక. ఆంటిమొనీ త్వరగా దిగే వేడి కూడా అదేనని పై లెక్క చెబుతోంది. కాబట్టి నీళ్ళు కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లార్చి, ఆ తర్వాతే బాటిల్లో పోయాలి.

పాలికార్బొనేట్, బి.పి.ఎ.

7 అంకె ఉన్న పాలికార్బొనేట్‌ను బిస్ఫినాల్-ఎ అనే రసాయనంతో చేస్తారు. దీన్నే బి.పి.ఎ. అంటారు. ఇది మన శరీరంలోని ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరిస్తుందని 1930లలోనే గుర్తించారు. హార్మోన్లు అతి కొద్ది మోతాదులోనే పనిచేస్తాయి గనుక దీని మీద అనుమానాలు ఎక్కువ.

2009లో హార్వర్డ్ యూనివర్సిటీలో 77 మంది విద్యార్థుల మీద ఒక పరిశీలన జరిగింది. మొదట వారం స్టీలు బాటిళ్ళలో, తర్వాత వారం పాలికార్బొనేట్ బాటిళ్ళలో చల్లటి పానీయాలు తాగమన్నారు. ఒక్క వారంలోనే వాళ్ళ మూత్రంలో బి.పి.ఎ. 69 శాతం పెరిగింది. అంతకు ముందు ఏడాది సిన్సినాటి యూనివర్సిటీ వాళ్ళు ఇంకో సంగతి తేల్చారు. బాటిల్ కొత్తదా పాతదా అన్నది అంత ముఖ్యం కాదు, నీళ్ళ వేడి ముఖ్యం. మరుగుతున్న నీళ్ళు పోస్తే బి.పి.ఎ. 55 రెట్ల దాకా వేగంగా బయటికి వచ్చింది.

ఆ తర్వాత చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. పసిపిల్లల పాలసీసాల్లో దీన్ని యూరప్ దేశాలు 2011లో, అమెరికా 2012లో నిషేధించాయి. మన దేశంలో పాలసీసాల ప్రమాణాన్ని 2015లో సవరించి పాలికార్బొనేట్ వాడరాదన్నారు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు ఎంత బి.పి.ఎ. తట్టుకోవచ్చన్న పాత అంచనాను 20,000 రెట్లు తగ్గించింది. 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే వస్తువుల్లో బి.పి.ఎ.ను నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ నిర్ణయం తీసుకుంది.

అయితే పెట్ బాటిల్ తయారీలో బి.పి.ఎ. వాడరు. 2, 5 అంకెల ప్లాస్టిక్‌లోనూ వాడరు. ఈ తేడా తెలియకే చాలామంది అన్ని బాటిళ్ళనూ ఒకే గాటన కట్టి భయపడుతుంటారు.

పుకార్లు, నిజాలు

"ఫ్రిజ్‌లో పెట్టిన బాటిల్ నుంచి డయాక్సిన్లు వస్తాయి, క్యాన్సర్ వస్తుంది" అనే మాట 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈమెయిళ్ళలో తిరిగింది, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. ఇది నిజం కాదు. డయాక్సిన్లు చెత్తను, ప్లాస్టిక్‌ను కాల్చేటప్పుడు చాలా ఎక్కువ వేడిలో పుడతాయి. చల్లదనంలో రసాయనాలు బాటిల్ నుంచి బయటికి రావడం ఇంకా తగ్గుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్త రోల్ఫ్ హాల్డెన్ 2004లోనే ఈ సంగతి స్పష్టం చేశారు. మనం భయపడవలసింది చలవ పెట్టె గురించి కాదు, హాస్టల్ వెనకాల బాటిళ్ళు కుప్పపోసి తగలబెట్టే మంట గురించి. డయాక్సిన్లకు అవకాశం అక్కడే ఉంది.

"ఎండలో పెట్టిన బాటిల్ నీళ్ళు విషం" అన్నది ఇంకో మాట. ఇది సగం నిజం. చిత్రమేమిటంటే పెట్ బాటిల్‌ను ఎండలో పెట్టి నీళ్ళు శుద్ధి చేసే పద్ధతి ఒకటుంది. 1980 ప్రాంతంలో లెబనాన్‌లోని బీరూట్ అమెరికన్ యూనివర్సిటీలో దీన్ని మొదలుపెట్టారు. 1991 నుంచి స్విట్జర్లాండ్ జల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. తేటగా ఉన్న నీళ్ళను రెండు లీటర్ల లోపు పారదర్శకమైన బాటిల్లో నింపి ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడతారు. మబ్బుగా ఉంటే రెండు రోజులు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి క్రిములను చంపుతాయి. ఈ పద్ధతి మీద జరిగిన పరీక్షల్లో బాటిల్ నుంచి దిగిన రసాయనాలు పరిమితి లోపలే ఉన్నాయి. అంటే ఆరు గంటల ఎండ వేరు, ఆరు నెలల ఎండ వేరు. వేడి ఎంత, ఎంతకాలం అన్న రెండు లెక్కలూ కలిపి చూడాలి.

కంటికి కనిపించని ప్లాస్టిక్ తునకలు

2018లో అమెరికాలోని ఫ్రెడోనియా విశ్వవిద్యాలయం వాళ్ళు మన దేశంతో సహా 9 దేశాలలో కొన్న 11 కంపెనీల 259 నీళ్ళ బాటిళ్ళను పరీక్షించారు. వాటిలో 93 శాతం బాటిళ్ళలో ప్లాస్టిక్ సూక్ష్మ తునకలు కనిపించాయి. 2024లో కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇంకా సూక్ష్మంగా చూడగలిగే పద్ధతితో లెక్కిస్తే లీటరు బాటిల్ నీటిలో సుమారు 2,40,000 తునకలు తేలాయి. మూత బిగించి తీసే ప్రతిసారీ ఆ రాపిడికి కొన్ని రాలుతాయి.

ఇవి మనిషికి ఎంత హాని చేస్తాయో తేల్చి చెప్పడానికి ఆధారాలు సరిపోవని, ఇంకా పరిశోధనలు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందువల్ల భయపడి నీళ్ళు మానేయకూడదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాలలో ఆరోగ్యవంతుడు రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే 2 లీటర్ల నీళ్ళు తాగాలని చెప్పింది. రోజుకు 2 లీటర్లంటే ఏడాదికి 730 లీటర్లు. అన్ని లీటర్లు ఒకే పాత బాటిల్లోంచి తాగుతున్నామంటే ఆ బాటిల్ గురించి కాస్త ఆలోచించడం అవసరమే కదా!

అసలు శత్రువు ఎవరు?

ఇంతవరకు రసాయనాల గురించి చెప్పాను. కానీ నా అభిప్రాయంలో హాస్టల్ విద్యార్థికి ప్లాస్టిక్ కంటే పెద్ద ప్రమాదం ప్లాస్టిక్ లోపల పెరిగే క్రిములతోనే. ఆంటిమొనీ వల్ల మన గదుల్లో ఎవరూ పరీక్ష పోగొట్టుకోలేదు. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాల వల్ల పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు.

మన నగరానికి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. 1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తర్వాత మంజీర, సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శుద్ధి అయి, క్లోరిన్ కలిపిన తర్వాతే నీళ్ళు మన నల్లాకు చేరతాయి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. దారిలో ఏ క్రిమి చేరినా దాన్ని చంపడానికి ఆ కాపలా.

ఆ కాపలా తప్పితే ఏమవుతుందో మనకు దగ్గర్లోనే జరిగింది. 2009 మే నెలలో ముషీరాబాద్ పక్కనున్న భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. మన సీతాఫల్‌మండికి ఆ బస్తీ ఎంతో దూరం లేదు. అక్కడివాళ్ళూ మనలాగే నల్లా పట్టుకొని, బిందెల్లో నింపుకొని తాగినవాళ్ళే.

నల్లా నీళ్ళు బాగున్నా, బాటిల్లోకి వచ్చాక కథ మళ్ళీ మొదలవుతుంది. క్లోరిన్ గంటలు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. తాగినప్పుడల్లా మన నోటి ఎంగిలి, చేతి మురికి మూతి దగ్గర చేరతాయి. అవి తిని క్రిములు పెరిగి బాటిల్ లోపలి గోడకు జిగురు పొరలా అంటుకుంటాయి. వేలితో రుద్దితే జారుడుగా తగిలేది అదే. నీళ్ళు పారబోసి మళ్ళీ నింపినంత మాత్రాన ఆ పొర పోదు. కొత్త నీళ్ళు పాత క్రిములతో కలుస్తాయి. గీతలు పడిన పాత బాటిల్లో ఆ గీతల సందుల్లో అవి దాక్కుంటాయి.

కెనడాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల సొంత బాటిళ్ళ నుంచి 76 నమూనాలు తీసి పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు మూడింట రెండు వంతుల నమూనాల్లో బాక్టీరియా తాగునీటి పరిమితిని మించి ఉంది. కొన్నిటిలో మలానికి సంబంధించిన బాక్టీరియా కూడా కనిపించింది. అక్కడ కుళాయి నీళ్ళు మంచివే. బాటిళ్ళు కడగకపోవడం, చేతులు కడుక్కోకపోవడం వల్లే అలా జరిగిందని వాళ్ళ అనుమానం.

క్యాను నీళ్ళ సంగతి

కొందరం డబ్బులు పోగేసి 20 లీటర్ల క్యాను వేయించుకుంటాం. దాన్ని "మినరల్ వాటర్" అంటాం. నిజానికి మినరల్ వాటర్ అంటే భూమిలోని సహజమైన ఊట నీరు. మనకు దొరికేది శుద్ధి చేసిన మామూలు నీరు. సీలు వేసి అమ్మే నీళ్ళకు 2001 మార్చి నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరులో ఆ తప్పనిసరి నిబంధన తొలగించి, ఏడాది చివరికి ఈ నీళ్ళను ఎక్కువ తనిఖీ అవసరమైన ఆహారాల జాబితాలో చేర్చారు. సీలు మీద ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. సీలు లేకుండా వచ్చే క్యాను మీద ఇవేవీ ఉండవు. ఆ క్యాను ఎన్ని ఇళ్ళు తిరిగిందో, లోపల కడిగారో లేదో మనకు తెలియదు. పైగా ఇలాంటి యంత్రాలతో శుద్ధి చేసిన నీటిలో సాధారణంగా క్లోరిన్ మిగలదు. కాబట్టి తెరిచిన క్యానును రెండు మూడు రోజుల్లో ఖాళీ చేయాలి.

మనం ఏం చేయాలి?

పెద్ద ఖర్చు లేకుండా మన గదిలో మనం చేసుకోగల పనులు ఇవి.

మొదటిది, కూల్‌డ్రింక్ బాటిల్‌ను ఏళ్ళ తరబడి వాడకండి. వేరే దారి లేకపోతే కొద్ది రోజులు వాడండి. గీతలు పడినా, రంగు మారినా, వాసన వచ్చినా పారేయండి. ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్, పురుగుల మందు పోసిన బాటిల్లో ఎంత కడిగినా తాగే నీళ్ళు పోయవద్దు. తాగే బాటిళ్ళలో ఫినాయిల్ పోసి గదిలో పెట్టవద్దు. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు దాహంతో ఏ బాటిల్ ఎత్తుతామో తెలియదు.

రెండవది, కొనగలిగితే వెడల్పు మూతి ఉన్న స్టీలు బాటిల్ కొనుక్కోండి. ఒకసారి కొంటే డిగ్రీ, పీజీ దాటి ఉద్యోగం వచ్చేదాకా ఉంటుంది. చెయ్యి లోపలికి పోతుంది గనుక శుభ్రంగా కడగవచ్చు. ప్లాస్టికే కావాలంటే 2 లేదా 5 అంకె చూసి తీసుకోండి.

మూడవది, ప్రతి రోజూ కడగండి. సబ్బునీళ్ళు పోసి, బ్రష్షుతో లోపల, మూత మలుపుల్లో రుద్దండి. బ్రష్షు లేకపోతే పిడికెడు బియ్యమో, గళ్ళ ఉప్పో వేసి గట్టిగా కుదపండి. అది లోపలి జిగురును గీకుతుంది. తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు తొలిచి, మూత తీసి బోర్లించి ఆరబెట్టండి. తడి ఆరితే చాలా క్రిములు బతకలేవు.

నాలుగవది, నీళ్ళు అనుమానంగా ఉంటే కాచండి. బుడగలు బాగా లేచి మరిగిన తర్వాత ఒక నిమిషం ఉంచితే చాలు. చల్లారాకే బాటిల్లో పోయండి.

ఐదవది, బాటిల్ ఎత్తి పోసుకొని తాగండి. మన తాతలకు దూరం నుంచి ఎత్తి పోసేవారు, అది అవమానం కథ. ఇక్కడ మనకు మనం ఎత్తి తాగడం ఆరోగ్యం కథ. కామెర్లు, జలుబు ఉన్నవారి బాటిల్ వేరుగా ఉంచండి. మనిషిని మాత్రం దూరం పెట్టకండి.

ఆరవది, బిందెలో, కుండలో నీళ్ళుంటే గ్లాసు చెయ్యి ముంచకండి. పొడవాటి కాడ ఉన్న గరిటె వాడండి, లేదా నల్లా బిగించిన డ్రమ్ము వాడండి. ఇంట్లో రాగి బిందె ఉంటే అదీ మంచిదే. రాగి పాత్రలో 16 గంటలు ఉంచిన నీళ్ళలో విరేచనాలు కలిగించే బాక్టీరియా చనిపోతుందని బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రచురించారు. మన అమ్మమ్మలకు పరీక్షలు చేయకుండానే తెలిసిన సంగతి ఇది.

ఏడవది, అందరం కలిసి చేయవలసింది. మన పైనున్న ట్యాంకు ఎప్పుడు కడిగారో ట్యాంకు మీదే తేదీ రాయించాలి. క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న పరీక్ష డబ్బా ఒకటి హాస్టల్‌కు తెప్పించుకోవాలి. నీళ్ళలో చుక్కల మందు వేస్తే పసుపు రంగు వచ్చిందా లేదా అని ఇంటర్ చదివే తమ్ముడైనా చూసి చెప్పగలడు. రంగు రాకపోతే రాతపూర్వకంగా వార్డెన్ సారుకు తెలియజేయాలి. మంచినీళ్ళు అడగడం మన హక్కు, అందులో మొహమాటం అక్కరలేదు.

చివరిగా

2022 జూన్ నుంచి తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నిషేధం అమలులోకి వచ్చింది. నీళ్ళు గాజు సీసాల్లో అమ్ముతున్నారు. అన్ని వేలమంది వచ్చే చోట సాధ్యమైనది రెండు వందలమంది ఉండే హాస్టల్లో సాధ్యం కాదా? పాత విద్యార్థులైన అన్నలకు, అక్కలకు నాదొక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మాకు శాలువాలు, మెమెంటోలు వద్దు. కొత్తగా చేరే ప్రతి విద్యార్థికి ఒక వెడల్పు మూతి స్టీలు బాటిల్ ఇప్పించండి. దాని మీద పేరు చెక్కించి ఇస్తే ఇంకా మంచిది.

నా మిత్రుడు మరుసటి ఏడాది ఆ రెండు పేపర్లూ రాసి పాసయ్యాడు. ఇప్పుడు టీచరుగా పనిచేస్తున్నాడు. తరగతిలో మొదటి రోజు పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలందరి నీళ్ళ బాటిళ్ళు మూత తీయించి లోపలికి చూస్తాడట. ఈ పేజీ చదవడం అయిపోయింది గనుక, మీరు కూడా లేచి వెళ్ళి కిటికీలో ఉన్న మీ బాటిల్ మూత తీసి ఒకసారి లోపలికి చూడండి.